తప్పుల తాత కొట్టేసిన వాక్యం

మేడ మీది గది,
ఫిబ్రవరి 6

చిరంజీవి సూదికి పెద్ద తాత ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. జవాబు రాసే ముందు ఒక పాత మాట చెప్పాలి. నాకు ఇరవై ఏళ్లప్పుడు మీ తాత, అంటే నా తమ్ముడు, రైలు కిటికీలోంచి చెయ్యి బయటికి చాచి నా చెయ్యి పట్టుకుని, "అన్నా, ఒక్క మూడేళ్లు ఓపిక పట్టు. నా చదువు అవగానే నిన్ను కాలేజీలో చేర్పించే పూచీ నాది" అన్నాడు. అప్పట్లో ఒక ధర్మనిధి వాళ్లు ఇంటికి ఒక్క పిల్లవాడికే చదువు ఖర్చు ఇచ్చేవాళ్లు. అర్హత ఇద్దరికీ ఉంది. నేను అప్పటికే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ ఇంటికి నాలుగు మెతుకులు తెస్తున్నాను కాబట్టి దరఖాస్తు వాడి పేరున వెళ్లింది. మూడేళ్లయ్యాయి. ఆరేళ్లయ్యాయి. వాడికి ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, మీ నాన్న పుట్టాడు. నా కాలేజీ ఊసు మాత్రం వాడు మళ్లీ ఎత్తలేదు. నేను ఆ ప్రెస్సులోనే నలభై ఒక్క ఏళ్లు పరాయివాళ్ల తప్పులు ఏరుకుంటూ కూర్చున్నాను. అక్కడివాళ్లు నన్ను తప్పులాయన అనేవాళ్లు. మీ ఇంటికొచ్చేసరికి అది తప్పుల తాత అయింది.

మీ తాత పోయి ఏడాది దాటింది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఆ మాట అనేవాళ్లు ఎవరి చేతా మోసపోయి ఉండరు.

ఇప్పుడు ఆ తమ్ముడి మనవరాలు నాకు రాసింది: కాలేజీలో సీటు వచ్చింది, జూన్ నెలాఖరులోగా ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి ఇస్తారు, చదువుకి సాయం చేసే ట్రస్టులకి దరఖాస్తులు పెడుతున్నాను, తప్పులు దిద్దిపెట్టండి, అని. ఎవడో పైన కూర్చుని తీరిగ్గా నాతో పరాచికాలాడుతున్నట్టుంది.

సరే, దిద్దుతాను. మీ నాన్న పోయాక మీ అమ్మ ఒక్కతీ కుట్టు కొట్టు నడుపుతూ మిమ్మల్ని నెట్టుకొస్తోందని తెలుసు. నీ మీద నాకు కోపం లేదు. నీకు సూది అని పేరు పెట్టిన మీ తాత మీదే ఉంది. కాగితాలన్నీ పంపు. ఏదీ దాచకు.

మీ పెద్ద తాత

*

కొట్టు వెనక గది,
ఫిబ్రవరి 19

తప్పుల తాతయ్యకి నమస్కారం.

మీ ఉత్తరం అమ్మకి చూపించలేదు. తాతయ్య గురించి మీరు రాసింది చదివి బాధేసింది. ఆయన మీ గురించి ఎప్పుడూ అలా మాట్లాడలేదు. ఇంతకంటే రాయను, మీకు కోపం వస్తే నా వ్యాసం ఎవరు దిద్దుతారు.

సాయం చేసేవాళ్లని వెతకడమే ఒక చదువు తాతయ్యా. రెండు నెలలుగా కాలేజీ నోటీసు బోర్డుల ముందు, లైబ్రరీ కంప్యూటర్ల ముందు నిలబడి పట్టిక తయారుచేశాను. ఒక ట్రస్టు కవలలకి మాత్రమే ఇస్తుంది. ఒకటి దాత ఇంటిపేరు ఉన్నవాళ్లకే. ఇంకొకటి తండ్రి మంచాన పడి ఉంటే ఇస్తుంది, పోతే ఇవ్వదు. ఆ మాట అమ్మతో చెబితే, గుండీ కుడుతూ తలెత్తకుండా, "మీ నాన్నకి అన్నిటికీ తొందరే" అంది. ఇద్దరం చాలాసేపు నవ్వాం. తర్వాత అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

చివరికి నాకు సరిపోయేది ఒక్కటి తేలింది. పెద్ద ట్రస్టు. ఇస్తే నాలుగేళ్ల ఫీజూ వాళ్లే కడతారు. ఫారం పద్నాలుగు పేజీలు. ఇంటి ముందు ఇంట్లోవాళ్లందరూ నిలబడిన ఫొటో పెట్టాలి, అందులో ఎవరూ నవ్వకూడదని రాశారు. వీధి చివర ఫొటో స్టూడియో ఆయన్ని పిలుచుకొస్తే, "ట్రస్టు ఫొటోనా? ఈ నెలలో రోజుకి పది ఏడుపులు తీస్తున్నానమ్మా. కొంచెం గోడ పెచ్చులూడిన వైపు నిలబడండి, వాళ్లకి అదే ఇష్టం" అన్నాడు.

తర్వాత వ్యాసం. మీ కష్టాన్ని అయిదువందల మాటల్లో వర్ణించండి అన్నారు. రాసి దీనితో పెడుతున్నాను. ఒక వాక్యం గురించి మీరు అడుగుతారని ముందే చెబుతున్నాను. "నేను చదువుకోవడానికి వెళ్లడం మా అమ్మకి ఇష్టం లేదు. నేను లేకపోతే సూదిలో దారం ఎక్కించేవాళ్లు ఉండరంటుంది" అని రాశాను. అది నిజం. అమ్మకి దగ్గరి చూపు తగ్గింది. కానీ దారం ఎక్కించే తీగలు కొట్టులో మూడు ఉన్నాయి. అమ్మ వాటిని ముట్టదు. నన్ను పిలుస్తుంది, నేను వెళ్లి ఎక్కిస్తాను, అమ్మ నా మొహంకేసి చూసి మళ్లీ కుట్టుకుంటుంది. రోజుకి ముప్పై నలభై సార్లు.

తప్పులు దిద్దండి, చాలు.

సూది

*

మేడ మీది గది,
మార్చి 4

చిరంజీవి సూదికి,

నీ వ్యాసం దిద్ది, శుభ్రమైన ప్రతి నా చేత్తో రాసి పంపుతున్నాను. ఫారంలోకి అలాగే ఎక్కించు.

ఆ ఫారం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివాక లేచి చేతులు కడుక్కున్నాను. ఇంటి పైకప్పు దేనితో వేశారు, ఒక్కో మంచం మీద ఎంతమంది పడుకుంటారు, ఇంట్లో చివరిసారి ఎప్పుడు పస్తులున్నారు. ఇవి అడిగేవాడు చదువు చెప్పించేవాడా, సంతలో పశువు నోరు తెరిచి పళ్లు చూసేవాడా? పైగా నవ్వకూడదట. పేదవాడు నవ్వితే వాళ్ల సొమ్ము వృథా అయినట్టు.

ఈ జాతిని నేనెరుగుదును. మా ప్రెస్సులో ఏటా ఇలాంటి ట్రస్టుల సంచికలు అచ్చయ్యేవి. నిగనిగలాడే కాగితం. ప్రతి పేజీలోనూ దాత కూర్చుని ఉంటాడు, పిల్లలు నిలబడి ఉంటారు. మనిషంత అట్ట మీద చెక్కు రాసి, దాని ఒక కొస ఆ పిల్ల చేత పట్టిస్తారు. ఆ పిల్ల చూపు చెక్కు మీద ఉండదు, ఎటు పారిపోదామా అన్నట్టు తలుపు వైపు ఉంటుంది. ఒక ఏడాది సంచికలో దాత పేరు నలభై మూడుసార్లు వచ్చింది, పిల్లల పేర్లు ఒక్కసారీ రాలేదు. ఆ సంగతి ప్రూఫు అంచున రాసి పంపాను. యజమాని పిలిచి, "నిన్ను అక్షరాలు చూడమన్నాను, న్యాయం చూడమనలేదు" అన్నాడు. ఆయన ఇద్దరు కొడుకులూ చదువుకున్నది ఆ ట్రస్టు డబ్బుతోనే అని నాకు తర్వాత తెలిసింది. వాళ్ల ఫొటో సంచికలో ఎప్పుడూ రాలేదు.

నేను చదివిన పుస్తకాలకి ఈ గది చాలక మెట్ల మీద పేర్చాను. అందులో దానం చేసినవాళ్ల జీవిత చరిత్రలు ఒక బీరువా నిండా ఉన్నాయి. దానం పుచ్చుకున్నవాడు రాసిన చరిత్ర ఒక్కటీ లేదు. చాచిన చేతికి కలం పట్టుకునే వీలుండదు కాబోలు.

నీ వ్యాసం బాగుంది. మీ నాన్న కొలత టేపు గురించి రాసింది చదివి కాసేపు పక్కన పెట్టాల్సి వచ్చింది. రెండు చోట్ల మరీ ఎక్కువ బాధపడ్డావు, తగ్గించాను. మీ అమ్మ గురించి రాసిన వాక్యం మాత్రం కొట్టేశాను. ఆ చోట "నా చదువుకి మా అమ్మే కొండంత అండ" అని పెట్టాను.

ఎందుకని అడుగుతావు. కన్నతల్లిని పరాయివాళ్ల ముందు బోనెక్కించకూడదు. తమ్ముణ్ణి తిట్టొచ్చు, యజమానిని తిట్టొచ్చు, ప్రభుత్వాన్నయితే ఎంతైనా తిట్టొచ్చు. తల్లిని కాదు. నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. మా అమ్మ మీద ఎవరి దగ్గరా ఒక్క మాట అనలేదు. ఇది నా నియమం. వాదించకు.

మీ పెద్ద తాత

*

కొట్టు వెనక గది,
ఏప్రిల్ 12

తాతయ్యకి నమస్కారం.

మంచి కబురు. వ్యాసాల వడపోతలో నిలిచాను. మూడొందల మందిలో ఇరవై మందిని ముఖాముఖికి పిలిచారు. మే మొదటి వారంలో వెళ్లాలి. మీరు రాసిచ్చింది రాసిచ్చినట్టే ఎక్కించాను. ఆ ఒక్క వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. మీ అంత చదివినవాళ్లకి తెలియదా అనుకుని ముందుకి వెళ్లాను.

నిన్న ట్రస్టు తరఫున పరిశీలకురాలు వచ్చింది. వచ్చే ముందు చెప్పరు, అదే వాళ్ల పద్ధతట. చంకలో ఫైలు, కాళ్లకి దుమ్ముకొట్టుకుపోయిన చెప్పులు. మనిషి మంచిదిలాగే ఉంది. ఇల్లు చూసింది, కొట్టు చూసింది, అమ్మ కుట్టిన కాలరు తిరగేసి చూసి పని చక్కగా ఉందంది. అమ్మ మొహం వెలిగింది. ఇంతలో ఒక కోటు వెంటనే ఇచ్చిరమ్మని అమ్మ నన్ను పంపింది. ఆ కోటు మర్నాటికి ఇస్తే సరిపోయేది. నేను తిరిగొచ్చేసరికి పరిశీలకురాలు ఫైలు కట్టేసి బయల్దేరుతోంది. నా భుజం తట్టి వెళ్లింది.

ఏమడిగింది అంటే, ఏముంది, ఎంతమంది ఉంటాం, ఎలా గడుస్తుంది, అవే, అంది అమ్మ. ఆ సాయంత్రమంతా నాతో చాలా ప్రేమగా ఉంది. నా జడ తనే వేసింది. పదో తరగతి తర్వాత ఎప్పుడూ వెయ్యలేదు.

ముఖాముఖిలో ఏమడుగుతారు, ఏం చెప్పాలి, రాయండి.

సూది

*

మేడ మీది గది,
ఏప్రిల్ 20

చిరంజీవి సూదికి,

మూడొందల మందిలో ఇరవై. అంటే రెండొందల ఎనభై మంది పేదరికం వాళ్లకి నచ్చలేదన్నమాట.

ఏడవకు. ఏడిస్తే ఇస్తారు, కానీ ఆ తర్వాత ఏటా ఏడిపిస్తారు. నీకున్న మంచి బట్టలు కట్టుకెళ్లు. కుట్టుపనివాళ్ల పిల్ల చిరిగిన బట్ట కట్టుకుంటే మీ అమ్మ వృత్తికి అవమానం. ఇంత సాయం చేస్తే మాకు తిరిగి ఏం చేస్తావని ఎవడో ఒకడు తప్పకుండా అడుగుతాడు. బాగా చదువుతానండి అను. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ పలకకు. గడ్డి పరకంత సాయానికి గంధపు చెక్కంత కృతజ్ఞత అడిగే బాపతు వాళ్లు.

వ్యాసం మీద ఏమడిగినా భయం లేదు. అందులో తప్పు అనేది లేదు. నేను చూశాను.

మీ పెద్ద తాత

*

కొట్టు వెనక గది,
మే 9

పెద్ద తాతయ్యకి,

ట్రస్టు సాయం పోయింది. ఎలా పోయిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

బల్ల అవతల ముగ్గురు. మధ్యలో చైర్మన్, రిటైరైన పెద్ద అధికారి. ఒక పక్క దాత గారి కోడలు, ఇంకో పక్క ఎవరో లెక్చరరు. మొదట మార్కుల గురించి అడిగారు. ఏం చదవాలనుకుంటున్నావని అడిగారు. అంతా బాగానే జరుగుతోంది. అప్పుడు చైర్మన్ నా వ్యాసం తీసి, మీరు పెట్టిన వాక్యాన్ని పైకి చదివాడు. తర్వాత ఇంకో కాగితం తీశాడు. పరిశీలకురాలి నివేదిక. అమ్మ అన్న మాటలు అందులో ఉన్నాయి: "పిల్లకి చదువు మీద అంత పట్టుదలేం లేదండీ. దూరపు పెద్దాయన ఒకాయన ఎక్కిస్తున్నాడు. అది వెళ్తే నేను కొట్టు మూసుకోవాలి. మీ సాయం ఇంకెవరికైనా ఇవ్వండి."

"ఇందులో ఏది అబద్ధమమ్మా?" అని అడిగాడు. కోపంగా అడగలేదు.

అమ్మది అబద్ధమంటే అమ్మని అప్పగించినట్టు. వ్యాసం అబద్ధమంటే నన్ను నేను అప్పగించుకున్నట్టు. గోడ గడియారం కింద ఒక బల్లి ఉంది, దాన్నే చూస్తూ కూర్చున్నాను. చివరికి, ఆ వాక్యం నాది కాదండీ అన్నాను. ఎవరిదన్నారు. "మా పెద్ద తాతయ్యదండీ. ఆయన ప్రూఫ్ రీడరు. నేను రాసింది కొట్టేసి అది పెట్టారు" అన్నాను. కోడలు గారు నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్లు తాగింది.

తప్పుడు ప్రకటన చేసినందుకు దరఖాస్తు తిరస్కరించామని నిన్న ఉత్తరం వచ్చింది. మళ్లీ పెట్టుకునే వీలు కూడా లేదు.

అసలు సంగతి ఇంకోటుంది. ఆ రోజు బయటికొస్తుంటే పరిశీలకురాలు వరండాలో ఎదురైంది. మీ అమ్మకి ఇష్టం లేదని ముందే రాసి ఉండాల్సింది తల్లీ, అలాంటి ఇళ్ల ఆడపిల్లలకే మేం మొదట ఇస్తాం, నేను కూడా అలా వచ్చినదాన్నే, అంది. నేను ముందే రాశాను తాతయ్యా. మిమ్మల్ని తప్పులు దిద్దమన్నాను. నా నిజాన్ని కొట్టెయ్యమనలేదు.

కోపంలో ఉన్నాను కాబట్టి, చెప్పకూడదనుకున్నది కూడా రాస్తున్నాను. తాతయ్య పోయే ముందు ఆస్పత్రిలో నాతో ఒక మాట చెప్పారు. ఉద్యోగం వచ్చిన మొదటి ఏడే మీకోసం కాలేజీ దరఖాస్తు తెప్పించారట. బయల్దేరి రమ్మని మీకు రాయబోతుంటే, వద్దని ఎవరో రాయించిన ఉత్తరం ఆయనకి వచ్చిందట. ఎవరు తాతయ్యా అని అడిగితే చెప్పలేదు. "అన్న కోపం నా మీదే ఉండనీ. నా మీదయితే వాడు మొయ్యగలడు" అన్నారు.

ఎవరో నాకు తెలియదు. మీకు తెలుసా?

సూది

*

మేడ మీది గది,
మే 15

సూదికి,

ముగ్గురు పెద్దమనుషులు బల్ల వెనక కూర్చుని, ఒక పిల్లని తల్లి మాటకీ తన మాటకీ మధ్య నిలబెట్టి తమాషా చూశారు. అది నీకు రోత పుట్టించలేదు. ఒక ముసలివాడు మీ ఇంటి పరువు కాపాడటానికి ఒక వాక్యం మార్చడం రోత పుట్టించింది. సాయం చెయ్యి జారిందని చెయ్యందించినవాణ్ణి కరవడమంటే ఇదే. నేనైతే ఆ గదిలో నోరు విప్పేవాణ్ణి కాదు. మావాడు రాశాడని వేలు పెట్టి చూపించేవాణ్ణి కాదు. నీది మీ తాత పోలికే.

వాడు చావు మంచం మీద చెప్పిన కథ నాకు అక్కర్లేదు. మాట తప్పినవాడికి కథలు బాగా వస్తాయి.

మిగతా ట్రస్టుల ఫారాలు ఉంటే పంపు.

పెద్ద తాత

*

కొట్టు వెనక గది,
జూన్ 8

పెద్ద తాత గారికి,

మీ ఉత్తరానికి జవాబు రాయకూడదనుకున్నాను. అవసరం వచ్చి రాస్తున్నాను.

మిగతా ట్రస్టుల గడువులన్నీ అయిపోయాయి. సీటు వదులుకుంటున్నానని చెప్పడానికి కాలేజీ ఆఫీసుకి వెళ్లాను. కిటికీ అవతల గుమాస్తా ఆవిడ కాగితం తీసుకోకుండా నన్ను ఎగాదిగా చూసి, ఎందుకమ్మా అంది. చెప్పాను. "ఫీజు మాఫీ ఫారం నింపావా?" అంది. అలాంటిదొకటి ఉందని నాకు తెలియదు. ఎవరికీ తెలియదు, బోర్డు మీద పెట్టరు, అడిగినవాళ్లకే ఇస్తాం, ఏటా సగం మిగిలిపోతాయి, అంది. ఊరంతా తిరిగి దాతల ఇళ్ల ముందు నిలబడ్డాను, ఆ కాగితం మాత్రం ఆవిడ సొరుగులో ఉంది. నా మార్కులకి ఖాయంగా వస్తుందట.

రెండు పేజీల ఫారం. వ్యాసం లేదు, ఫొటో లేదు. ఇంట్లో పెద్దల సంతకం ఒక్కటి కావాలి. ఈ నెల ఇరవై అయిదు ఆఖరు తేదీ.

అమ్మ పెట్టనంది. తిట్టలేదు, అరవలేదు. "ఒక్క ఏడాది ఆగు. నా కళ్లు చూపించుకుంటాను, ఎవరినైనా పనికి పెట్టుకుంటాను, వచ్చే ఏడు నేనే పంపిస్తా" అంది. మళ్లీ కుట్టుకుంది. కాసేపటికి దారం ఎక్కించమని పిలిచింది. వెళ్లి ఎక్కించాను. ఏం చెయ్యమంటారు, నా చేతులకి అదే అలవాటు.

తల్లి పెట్టకపోతే ఇంటి పెద్ద ఎవరు పెట్టినా చెల్లుతుందని గుమాస్తా ఆవిడ చెప్పింది. మా ఇంట్లో బతికున్న పెద్ద మీరొక్కరే. ఫారం ఇందులో ఉంది. దిద్దొద్దు. సంతకం పెడతారో పెట్టరో ఒక్క ముక్కలో రాయండి.

పోయిన ఉత్తరంలో నేనడిగిన దానికి మీరు జవాబు చెప్పలేదు.

సూది

*

మేడ మీది గది,
జూన్ 12

చిరంజీవి సూదికి,

పెట్టాను. ఫారం ఇందులోనే ఉంది. ఒక్క ముక్క అడిగావు, అది అయిపోయింది. మిగిలింది చదవాలని లేకపోతే చింపెయ్.

ఫారంలో ఒక్క గీత గియ్యలేదు. ఇరవై అయిదు దాకా ఆగకు. ఇది అందిన రోజే ఆ గుమాస్తా ఆవిడ చేతికిచ్చి, అక్కడే నిలబడి రసీదు తీసుకో.

నీ ప్రశ్నకి జవాబు: తెలుసు. యాభై రెండేళ్లుగా తెలుసు.

మా ప్రెస్సుకి ఎదురుగా కోర్టు ఉండేది. మెట్ల పక్కన అర్జీలు రాసిపెట్టే ఆయన బల్ల వేసుకుని కూర్చునేవాడు. ఒకరోజు మధ్యాహ్నం మా అమ్మ ఆ బల్ల ముందు నిలబడి ఉండటం కిటికీలోంచి చూశాను. మా అమ్మకి చదువు రాదు. ఇంట్లో ఏ ఉత్తరమైనా నేనే రాసేవాణ్ణి, వచ్చినవి నేనే చదివి వినిపించేవాణ్ణి. అక్షరాలు అమ్ముకు బతికే కొడుకు రోడ్డుకి అవతలే ఉండగా ఆవిడ పరాయివాడికి కూలిచ్చి రాయిస్తోంది. ఇంటికెళ్లి అడిగితే, కుళాయి రావడం లేదని అర్జీ పెట్టానంది. కుళాయి బాగానే వస్తోంది.

రెండు రోజులాగి ఆ బల్ల దగ్గరికి వెళ్లాను. ఆయనదీ నాదీ ఒకే బతుకు కాబట్టి దాచలేదు, చిత్తుప్రతి తీసి చేతికిచ్చాడు. తమ్ముడికి రాయించింది. "పెద్దాడు చదువుకని వెళ్తే ఈ ఇల్లు నిలవదు. నువ్వు వాణ్ణి పిలవకు. వాడడిగితే వచ్చే ఏడు, వచ్చే ఏడు అని నెట్టుకురా. నేను రాయించానని వాడికి తెలిస్తే నేను బతకను." అందులో ఒక వాక్యం సరిగా కుదరలేదు. అలవాటు కొద్దీ జేబులోంచి కలం తీశాను. మూత పెట్టి మళ్లీ జేబులో పెట్టుకుని ఇంటికెళ్లాను. అమ్మ అన్నం పెట్టింది. తిన్నాను.

ఆ పూటే అడగొచ్చు. అడిగితే ఎదురుగా అన్నం మిగులుతుంది గానీ అమ్మ మిగలదనిపించింది. నాకు కూర ఎక్కువ వేసి, తను అడుగున మాడిందే తినేది. అలాంటి మనిషి మీద కోపం ఎక్కడ పెట్టుకుంటావు? తీసుకెళ్లి తమ్ముడి మీద పెట్టాను. వాడు దూరాన ఉన్నాడు, ఎంత తిట్టినా నాకు వడ్డించడానికి రాడు. నా కోపం అన్యాయమని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం కలిసి ఆవిణ్ణి దాచాం. ఆవిడ పోయింది, వాడూ పోయాడు. దాచడం ఒక్కటే నా చేతికి మిగిలిపోయింది. నీ వ్యాసంలో ఆ వాక్యం కొట్టేసింది ఆ చెయ్యే. నీ నాలుగేళ్ల సాయం పోగొట్టింది కూడా అదే. మే నెలలో నీకు రాసిన ఉత్తరం ఉంటే పొయ్యిలో పడెయ్. నేను జీవితంలో చాలా చెత్త చదివాను, రాసినది మాత్రం అదొక్కటే.

ఇంత చదివినందుకు నాకు తెలిసింది ఒక్క ముక్క. ఇంట్లో పనికిరానివాళ్లని చదువుకి పంపుతారు, పనికొచ్చేవాళ్లని ప్రేమిస్తారు. ఆ ప్రేమ నిజమే. అందులో పిసరంత కల్తీ లేదు. నాకు రోత పుట్టేది అందుకే. కల్తీ ఉంటే తిరగబడి ఉండేవాణ్ణి.

ఈ ఉత్తరం మీ అమ్మకి ఇవ్వు. నువ్వు చదివి వినిపించకు, ఆవిడకి చదువు వచ్చు, ఆవిడనే చదువుకోమను. మీ పెదమామగారు పిల్లని ఎక్కించడానికి దూరం నుంచి రాలేదు, పడ్డ చోటు నుంచే చెబుతున్నాడని చెప్పు. చదివాక నా సంతకం కొట్టేసి తను పెడతానంటే సంతోషంగా పెట్టనియ్. పెట్టకపోయినా నాది చెల్లుతుంది. నువ్వు వెళ్లు. వెళ్లేటప్పుడు ఆవిడ పిలుస్తుంది, దారం ఎక్కించమని. వెనక్కి తిరక్కు.

నేను చదివిన కథల్లో ముసలివాళ్లు చివరి పేజీలో తప్పంతా తమదేనని ఒప్పుకుని తేలికపడతారు. నాకంత మంచితనం లేదు. నీ విషయంలో తప్పు నాది, ఒప్పుకుంటున్నాను, తిట్టు. నా చదువు సంగతి వేరు. అది ప్రెస్సు యజమాని వల్ల పోలేదు. ఇంటికి ఒక్కడే అన్న ధర్మనిధి వల్ల పోలేదు. మీ తాత వల్ల అసలే పోలేదు, వాడు మాట నిలబెట్టుకోబోయాడు. ఆవిడకి వేరే దారి లేదని నీలాంటివాళ్లు అంటారు. లేదేమో. నన్ను అడిగి ఉంటే నేనే ఆగిపోయేవాణ్ణి. అడగలేదు. అందుకని నేను ఇప్పటికీ తప్పుపట్టేది మా అమ్మని.